ఖాళీ లారీ ఇంటికి రాకుండా: వరంగల్ బండ్లకు రిటర్న్ లోడు వెతికే పద్ధతి

ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు ఎక్కించుకుని బయటపడే లారీకి పోయే కిరాయి గురించి పెద్దగా బెంగ ఉండదు. ఉత్తర తెలంగాణలో బయటికి వెళ్లే సరుకుకు కొదవ లేదు. వరంగల్ మిర్చి, పత్తి, నిజామాబాద్ పసుపు, జగిత్యాల మామిడి, కరీంనగర్ గ్రానైట్, పెద్దపల్లి మిల్లుల బియ్యం, రామగుండం యూరియా, దేవాపూర్ సిమెంటు, ఏ కాలానికి ఆ సరుకు ఉంటుంది. ఇటు వచ్చే సరుకు సంగతి వేరు. సబ్బుల నుంచి ఫ్రిజ్‌ల దాకా మనం కొనే వస్తువుల్లో చాలా భాగం ముందు హైదరాబాద్ చుట్టుపక్కల గోదాముల్లో దిగి, అక్కడి నుంచి చిన్న బండ్లలో మన దగ్గరికి వస్తుంది. అందుకే నాగ్‌పూర్‌లోనో చెన్నైలోనో సరుకు దించిన మన పది టైర్ల బండికి నేరుగా వరంగల్ లోడు దొరకడం కష్టం.

పదకొండేళ్లు బండి నడిపి, ఇప్పుడు హనుమకొండలో కూర్చుని రెండు బండ్లు తిప్పుతున్నాను. మేము రోడ్డు మీద ఉన్న రోజుల్లో దించిన ఊళ్లో లారీ ఆఫీసు బెంచీ మీద కూర్చుని, బ్రోకరు మొహం చూస్తూ రెండు రోజులు గడిపేవాళ్లం. ఇప్పుడు బ్లాక్‌బక్, వాహక్, ట్రక్ సువిధ వంటి యాప్‌లలో సరుకు ఉన్నవాళ్లు లోడు వివరాలు పెడతారు, బండి ఉన్నవాళ్లు బండి వివరాలు పెడతారు. బెంచీ పోయి ఫోను వచ్చింది, ఎదురుచూపు మాత్రం అలాగే ఉంది. ఎందుకంటే చాలామంది యాప్‌ను కూడా పాత బెంచీలాగే వాడుతున్నారు: సరుకు దించాక, స్నానం చేశాక, అన్నం తిన్నాక తెరుస్తారు. రిటర్న్ లోడుకు, అంటే తిరుగు ప్రయాణంలో దొరికే సరుకుకు, అసలు ధర టన్నుల్లో ఉండదు, రోజుల్లో ఉంటుంది. కింద చెప్పే పద్ధతి అంతా ఆ ఒక్క లెక్క చుట్టూ తిరుగుతుంది.

మొదటి పని: బండి జాతకం ఒకచోట పెట్టుకోవడం

ఇది ఇంటి దగ్గర ఉన్నప్పుడే, తీరికగా చేయాలి. ఆర్సీ, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పర్మిట్, కాలుష్య ధ్రువపత్రం, డ్రైవరు లైసెన్సు, యజమాని పాన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఇవన్నీ వెలుతురులో స్పష్టంగా ఫోటోలు తీసి ఫోన్లో ఒకే ఫోల్డరులో ఉంచండి. యాప్‌లో పేరు నమోదు చేసేటప్పుడూ, ఆ తర్వాత లోడు ఖరారయ్యే ప్రతిసారీ ఇవే అడుగుతారు. మంచి లోడు దొరికిన వేళ ఫిట్‌నెస్ కాగితం ఇంట్లో బీరువాలో ఉందని గుర్తొస్తే, ఆ లోడు పక్క బండికి పోతుంది.

తర్వాత బండి వివరాలు. ఓపెన్ బాడీనా, కంటైనరా, ట్రైలరా, ఎన్ని టైర్లు, బాడీ పొడవు ఎన్ని అడుగులు, పాసింగ్ ఎంత. పాసింగ్ అంటే ఆర్సీలో లోడుతో కలిపి రాసిన బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేది. 2018లో కేంద్రం పరిమితులు పెంచాక ఆరు టైర్ల బండికి మొత్తం బరువు 18.5 టన్నులు, పది టైర్ల బండికి 28.5 టన్నుల దాకా అవకాశం వచ్చింది. కానీ మీ బండికి ఆర్సీలో ఏది రాసి ఉంటే అదే లెక్క. యాప్‌లో రెండు టన్నులు ఎక్కువ రాసుకుంటే పెద్ద లోడ్లు కనబడతాయన్నది నిజమే. ఆ పెద్ద లోడుతో పాటు జరిమానా కూడా వస్తుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో అధిక లోడుకు 20,000 రూపాయలు, పైగా ప్రతి అదనపు టన్నుకు 2,000 అని ఉంది. అదనపు సరుకును అక్కడే దింపించాకే బండి కదలాలి. ఆ దింపుడు కూలీ కూడా మన మీదే పడుతుంది.

రెండో పని: బండి నిలబడితే రోజుకు ఎంత?

ఒక కాగితం తీసుకోండి. నెల వాయిదాను ముప్పైతో, ఏడాది ఇన్సూరెన్స్‌నూ పన్నునూ పర్మిట్ రుసుమునూ మూడు వందల అరవై అయిదుతో భాగించండి. డ్రైవరు, క్లీనరు బత్తా కలపండి. టైర్లు, డీజిల్ ఇందులో వద్దు, అవి బండి కదిలితేనే ఖర్చు. ఉదాహరణకు వాయిదాకు రోజుకు 1,700, ఇన్సూరెన్స్, పన్నులకు 500, బత్తాలకు 1,000 అనుకుంటే మొత్తం 3,200 రూపాయలు. అంటే బండి పార్కింగులో చెట్టు కింద నిద్రపోయినా రోజుకు 3,200 తింటుంది. ఈ సంఖ్యను డ్రైవరుకు కూడా చెప్పండి. యజమానులు చాలామంది చెప్పరు, అక్కడే తేడా వస్తుంది. అది తెలియని డ్రైవరు రెండు వేలు ఎక్కువ కిరాయి కోసం రెండు రోజులు ఆగి, తాను లాభం తెచ్చానని అనుకుంటాడు.

మూడో పని: టార్పాలిన్ కట్టక ముందే వెతకడం

పోయే లోడు ఖరారైన గంటలోనే రిటర్న్ వేట మొదలవ్వాలి. రేపు రాత్రికి నాగ్‌పూర్ చేరి, ఎల్లుండి మధ్యాహ్నానికి ఖాళీ అవుతానని తెలిస్తే, యాప్‌లో ఎల్లుండి మధ్యాహ్నం నుంచి బండి సిద్ధమని ఇప్పుడే ప్రకటన పెట్టండి. లోడు కోసం మనం వెతకడం ఒక పద్ధతి, బండి కోసం సరుకు యజమాని వెతికేలా చేయడం ఇంకో పద్ధతి. రెండూ చేయాలి. ప్రకటన పెట్టి మరిచిపోతే అది కిందికి జారిపోతుంది కాబట్టి పొద్దున, సాయంత్రం తాజా చేస్తూ ఉండండి.

సమయం విషయంలో కొంత ఊహ అవసరం. సరుకు దింపడం ఉదయమే అవుతుందని సరుకు యజమాని ఎంత గట్టిగా చెప్పినా పూట ఆలస్యం వేసుకోండి. హమాలీలు భోజనానికి వెళ్తారు, గోదాము గుమస్తా సంతకానికి దొరకడు. మాట ఇచ్చిన వేళకు బండి చేరకపోతే ఆ పార్టీ మళ్లీ మీకు ఫోన్ చేయదు. యాప్‌లో మీ రేటింగ్ కూడా పడిపోతుంది.

ఇంకో చిన్న మాట. మేడారం జాతర జరిగే ఏడాది మాఘ మాసంలో వరంగల్ నుంచి ములుగు వైపు జాతీయ రహదారి 163 మీద భారీ వాహనాలను ఆపుతారు, మళ్లిస్తారు. ఆ వారం భూపాలపట్నం దారిన ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే లోడు ఒప్పుకునే ముందు రెండుసార్లు ఆలోచించండి.

నాలుగో పని: గమ్యం దగ్గర ‘వరంగల్’ అని మాత్రమే కొట్టకండి

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. నాగ్‌పూర్ నుంచి వరంగల్ అని వెతికితే రెండు లోడ్లు కనబడతాయి, ఒకటి మీ బండికి సరిపోదు. అదే హైదరాబాద్ అని కొడితే తెర నిండుతుంది. కరీంనగర్, మంచిర్యాల, నిజామాబాద్, ఖమ్మం కూడా విడివిడిగా వెతకండి. కరీంనగర్‌లో దించితే ఇల్లు డెబ్బై కిలోమీటర్లు, హైదరాబాద్‌లో దించితే నూట నలభై అయిదు. ఆ చివరి ముక్క ఖాళీగా వచ్చినా నష్టం తక్కువ. హైదరాబాద్ నుంచి అయితే చిన్న లోడు కూడా తరచూ దొరుకుతుంది. నగరంలోకి పగటిపూట భారీ వాహనాలకు ఆంక్షలు ఉంటాయి కాబట్టి దించే చోటు ఔటర్ రింగు రోడ్డు బయటా, లోపలా అన్నది ముందే అడగాలి. లోపల అయితే ఒక రాత్రి కలుపుకోండి.

బయలుదేరే ఊరికీ ఇదే సూత్రం. నాగ్‌పూర్ అంటే ఊరు ఒక్కటే కాదు. అమరావతి రోడ్డులోని వాడీలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులూ గోదాములూ ఉంటాయి. హైదరాబాద్ దారిలో బుటీబోరి పారిశ్రామికవాడ ఉంది. దక్షిణాన చంద్రపూర్ చుట్టూ సిమెంటు, బొగ్గు, బల్లార్‌పూర్‌లో కాగితం మిల్లు ఉన్నాయి. అయితే సిమెంటు, బొగ్గు లోడింగ్ దగ్గర చాలాచోట్ల స్థానిక లారీ సంఘాల సీరియల్ నడుస్తుంది. బయటి బండికి వరుస ఎప్పుడొస్తుందో ముందుగా కనుక్కోకుండా అటు తిప్పకండి. రాయ్‌పూర్ వైపు పోయినవారికి ఇనుము, విశాఖ వైపు పోయినవారికి ఉక్కు, కాకినాడ పోయినవారికి ఎరువులు, కోయంబత్తూరు పోయినవారికి పంపుసెట్లు, మోటార్లు ప్రధాన సరుకులు. వాటి పేర్లతోనే వెతికితే పని త్వరగా అవుతుంది.

ఇక్కడ పర్మిట్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. నేషనల్ పర్మిట్ ఉందని దేశమంతా ఇష్టం వచ్చినట్టు తిరగడానికి లేదు. సొంత రాష్ట్రం కాకుండా వేరే రాష్ట్రంలో, అదే రాష్ట్రంలోని రెండు ఊళ్ల మధ్య సరుకు మోయడానికి ఆ పర్మిట్ ఒప్పుకోదు. తెలంగాణ బండి నాగ్‌పూర్‌లో ఎక్కించుకుని పుణెలో దించకూడదు, రెండూ మహారాష్ట్రలోనివే. అక్కడి నుంచి హైదరాబాద్‌కు మంచి లోడు ఉందిలే అని ఆశ పెట్టి ఇలాంటి లోడు అంటగట్టే బ్రోకర్లున్నారు. పట్టుబడితే వాళ్లు ఫోన్ ఎత్తరు.

అయిదో పని: ఫోన్లో అడగవలసినవి

యాప్‌లో కనబడేది పరిచయం మాత్రమే. బేరం ఫోన్లో జరుగుతుంది. “అన్నా, బండి ఎక్కడుంది? వెంటనే పెట్టేయ్, లోడు తయారు” అని అవతలివాడు తొందర పెడితే మీరు ఇంకా నెమ్మదించండి.

సరుకు ఏమిటి, ఎన్ని టన్నులు, ఎలా కట్టి ఉంది అని ముందు అడగండి. సమాధానంలో తడబాటు ఉంటే ఫోన్ పెట్టేయవచ్చు. ఎక్కించే చోటు ఒకటేనా, రెండా? దించేది ఎన్ని చోట్ల? కిరాయి టన్నుకా, బండి మొత్తానికా? టన్నుకు అయితే బరువు తక్కువ వచ్చినా కనీసం ఎన్ని టన్నులకు లెక్క కడతారు? పాలిథిన్ సామాను వంటి తేలిక సరుకులో ఈ ఒక్క ప్రశ్న అయిదారు వేలు మిగులుస్తుంది. బండి నిండిపోతుంది కానీ కాంటా మీద పదకొండు టన్నులే చూపిస్తుంది.

అడ్వాన్సు ఎంత, ఎప్పుడు, ఎవరి ఖాతా నుంచి? బ్యాలెన్సు దించిన చోటే ఇస్తారా, సరుకు అందినట్టు సంతకం చేసిన రశీదు చేరాక ఇస్తారా? హమాలీ ఎవరిది, కాంటా రుసుము ఎవరిది, కమీషన్ కిరాయిలోంచి కోస్తారా, విడిగా అడుగుతారా? ఎక్కించడంలో గానీ దించడంలో గానీ ఒక రోజు దాటితే హాల్టింగు, అంటే బండి ఆగినందుకు ఇచ్చే డబ్బు, ఎంత? నా బేరాల్లో హాల్టింగు మాట నేను అడగకుండా వచ్చింది ఎప్పుడూ లేదు. మీ రోజు ఖర్చు 3,200 అని ముందే లెక్క కట్టుకున్నారు కదా, అడగవలసింది అంతకు తగ్గకూడదు.

బేరం కుదిరాక మాట్లాడినవన్నీ నాలుగు వరుసల్లో వాట్సాప్‌లో రాసి పంపి, ‘సరే’ అన్న జవాబు తెప్పించుకోండి. రాత రానివారు వాయిస్ మెసేజ్ అయినా పంపాలి. పది లేదా అంతకంటే తక్కువ బండ్లున్న యజమాని పాన్ నంబరుతో పాటు ఆ మేరకు డిక్లరేషన్ ఇస్తే కిరాయిలో టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయనక్కర్లేదు. ఆ కాగితం నమూనా కూడా మొదట చెప్పిన ఫోల్డరులోనే ఉంచుకోండి.

ఆరో పని: అవతలి మనిషి ఉన్నాడా, లేడా?

నాకు జరిగినదే చెబుతాను. కొన్నేళ్ల కింద రాయ్‌పూర్‌లో ఖాళీగా ఉన్నప్పుడు టీఎమ్‌టీ కడ్డీల లోడు కనబడింది, కిరాయి మార్కెట్ కంటే నాలుగు వేలు ఎక్కువ. అవతలి మనిషి తెలుగులోనే మాట్లాడాడు, మా ఊరి పేరు కూడా సరిగ్గా పలికాడు. గేటు పాసు కోసం 2,500 పంపమన్నాడు, అడ్వాన్సులో కలిపి తిరిగి ఇస్తానన్నాడు. పంపాను. ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోతే కాపలావాడు నవ్వాడు, ఆ వారంలో నేను మూడోవాణ్నట.

అప్పటి నుంచి నా నియమం ఒకటే: లోడు ఎక్కించుకునేవాడు డబ్బు తీసుకోవాలి గానీ ఇవ్వకూడదు. గేటు పాసు, టోకెన్, బీమా, ఏ పేరుతో అడిగినా సరే. క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేస్తే అడ్వాన్సు వస్తుందంటే నమ్మకండి. యూపీఐ పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, రావడానికి కాదు. పొరపాటున పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. గంటలు గడిచే కొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

పార్టీ జీఎస్‌టీ నంబరు అడగండి. పదిహేను అక్షరాల ఆ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి: తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37, మహారాష్ట్ర 27, ఛత్తీస్‌గఢ్ 22, తమిళనాడు 33, కర్ణాటక 29. నాగ్‌పూర్ సంస్థ అని చెప్పి 27తో మొదలు కాని నంబరు ఇస్తే ఎందుకో అడగాలి. జీఎస్‌టీ వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే సంస్థ పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ అమల్లో ఉందో రద్దయిందో కనబడతాయి, లాగిన్ కూడా అవసరం లేదు. ఇది రెండు నిమిషాల పని. ఆధార్ ఫోటో పంపవలసి వస్తే మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ పంపండి.

ఏడో పని: లెక్క కట్టి ఒప్పుకోవడం

వరంగల్ నుంచి నాగ్‌పూర్ దాదాపు 430 కిలోమీటర్లు. డీజిల్ లీటరు 96 రూపాయలు, బండి ఖాళీగా లీటరుకు అయిదున్నర, లోడుతో నాలుగు కిలోమీటర్లు ఇస్తుందని అనుకుందాం. ఖాళీగా వస్తే డీజిలుకు సుమారు 7,500. లోడుతో వస్తే 10,300. చూడండి, లోడు మోసినందుకు అదనపు డీజిలు 2,800 మాత్రమే. టోలు ఎలాగూ ఉంటుంది. అందుకే పోయే కిరాయితో పోల్చి రిటర్న్ కిరాయి తక్కువని అలగడంలో అర్థం లేదు.

ఇప్పుడు రెండు లోడ్లు వచ్చాయనుకోండి. ఒకటి నేరుగా వరంగల్‌కు, కిరాయి 24,000, కానీ మూడు రోజులు ఆగాలి. రెండోది బుటీబోరి నుంచి హైదరాబాద్‌కు, కిరాయి 27,000, ఈ సాయంత్రమే. మొదటి దానిలో డీజిలు 10,300, ఆగిన మూడు రోజులకు 9,600 పోగా మిగిలేది 4,100. రెండో దానిలో అయిదు వందల కిలోమీటర్లు లోడుతో, నూట నలభై అయిదు ఖాళీగా కలిపి డీజిలు 14,500, చుట్టు తిరిగినందుకు ఒక రోజు 3,200, అదనపు టోలు 1,500 తీసేస్తే మిగిలేది 7,800. ఇల్లు గుర్తొచ్చిన డ్రైవరు మొదటిదే కావాలంటాడు. అదే వరంగల్ లోడు రెండు రోజులకే దొరికితే మిగిలేది 7,300, అప్పుడు రెండూ దాదాపు సమానం, ఇంటికి పోవచ్చు. మూడో రోజుకు జరిగితే మాత్రం ఓడిపోయినట్టే.

ఖాళీగా రావడమే సరైన సందర్భాలూ ఉన్నాయి. మిర్చి మార్కెట్లోకి పోటెత్తే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఏనుమాములలో బండి కోసం వ్యాపారులు ఎదురుచూస్తుంటే, నాగ్‌పూర్‌లో రెండు రోజులు కూర్చోవడం కన్నా ఆ రాత్రే ఖాళీగా తిరిగి వచ్చి తర్వాతి లోడు పట్టుకోవడం మేలు. మీ లెక్క ప్రకారమే నిర్ణయించండి, పక్క బండివాడు ఏమంటాడో అని కాదు.

ఎనిమిదో పని: ఎక్కించేటప్పుడు

ముందు బండి బాడీ ఊడ్చండి. మిర్చి దించిన బండిలో ఘాటు మిగిలి ఉంటుంది. దాని మీద బియ్యమో పిండో వేస్తే అవతల సరుకు తిరస్కరిస్తారు, మాట మన మీదికి వస్తుంది. ఎరువులు మోసిన బండిలోకి తిండి సరుకు వేయకండి.

ఖాళీ కాంటా, లోడు కాంటా రెండు చీటీలూ తీసుకోండి. సంచులు లెక్కపెట్టి, చిరిగినవి, తడిసినవి ఉంటే ఫోటో తీసి లారీ రశీదు మీదే రాయించండి. ఆ తర్వాత ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు జీఎస్‌టీ కింద ఆన్‌లైన్‌లో తీసే పత్రం. 50,000 రూపాయలు దాటిన సరుకుకు ఇది ఉండాలి. అందులో రెండో భాగంలో మీ బండి నంబరు అక్షరం తప్పకుండా ఉందా చూసుకోండి. ప్రతి రెండు వందల కిలోమీటర్లకు, ఆపైన మిగిలిన ముక్కకు ఒక్కో రోజు గడువు, అంటే 430 కిలోమీటర్లకు మూడు రోజులు. దారిలో బండి చెడిపోతే గడువు తీరడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, తీరాక ఎనిమిది గంటల వరకూ పొడిగించుకోవచ్చు. ఆ పని సరుకు పంపినవారితోనో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుతోనో వెంటనే చేయించాలి. బండి ఇన్సూరెన్స్ వేరు, సరుకు ఇన్సూరెన్స్ వేరు. రెండోది ఎవరు చేయించారో అడగండి.

మూట విప్పి చూపించని సరుకు ఎక్కించుకోవద్దు. రేషన్ బియ్యం మహారాష్ట్ర వైపు పోతూ పట్టుబడ్డ లారీల వార్తలు మన జిల్లా పేజీల్లో వస్తూనే ఉంటాయి. విశాఖ, భద్రాచలం దారిలో గంజాయి కేసులు సరేసరి. సరుకు ఎవరిదైనా మొదట సీజయ్యేది బండే. దాన్ని విడిపించుకునే లోపు వాయిదాలు ఆగవు.

తొమ్మిదో పని: దించాక

సరుకు అందినట్టు సంతకం, ముద్ర, తేదీ ఉన్న కాగితాన్ని అక్కడే నిలబడి ఫోటో తీసి, పార్టీకి పంపాకే బండి స్టార్టు చేయండి. కొరత, తడి వంటివేమైనా రాస్తే అది మీ సంతకం పక్కన కూడా ఉండాలి. అసలు కాగితం అదే రోజు కొరియర్ చేసి, రశీదు నంబరు పంపండి. బ్యాలెన్సులు ఎక్కువగా ఆగేది ఈ కాగితం దగ్గరే. మా బండిది ఒకటి వానలో తడిసి అక్షరాలు చెరిగిపోయినందుకు తొమ్మిది వేలు నాలుగు నెలలు ఆగింది. ఇప్పుడు డ్యాష్‌బోర్డులో జిప్పున్న ప్లాస్టిక్ సంచి ఉంటుంది, కాగితం అందులోకి తప్ప డ్రైవరు జేబులోకి వెళ్లదు.

ఇంటికి వచ్చాక నోటుబుక్కులో ఒక పేజీ రాయండి: పార్టీ పేరు, సరుకు, కిరాయి, ఎక్కించడానికి ఎన్ని గంటలు పట్టింది, బ్యాలెన్సు ఎన్నో రోజున వచ్చింది. బ్యాలెన్సు వారంలోపు ఇచ్చినవారి పేరు పక్కన నేను ఎర్ర సిరాతో చుక్క పెడతాను. వచ్చేసారి అటు పోయే లోడు ఖరారవగానే యాప్ తెరవక ముందు ఎర్ర చుక్కల వాళ్లకే ఫోన్ చేస్తాను. బుటీబోరిలో అలాంటివారు ఇద్దరున్నారు. ఇప్పుడు మా బండి నాగ్‌పూర్ వస్తోందా అని వాళ్లే ముందుగా అడుగుతున్నారు.